తక్కెడ పాసంగమును, సున్న జారని యాంప్లిఫయరును



మన పెద్దలు ధాన్యము తూచుటకు ముందు ఖాళీ తక్కెడను పైకెత్తి ముల్లును చూచుచుండిరి. ఒక తట్ట క్రుంగినచో రెండవదానికి చిన్నరాయి కట్టి పాసంగము తీర్చి, ఆ పిమ్మటనే తూనికకు దిగుచుండిరి. నేడు శంషాబాదు విమానాశ్రయమున పెట్టెలు తూచు బల్లకు ముల్లును లేదు, రాళ్లును లేవు. ఆ విమానాశ్రయమునుండి 2008 మార్చి 23న రాకపోకలు మొదలైనవి. గల్ఫునకు పోవు మన పల్లెబిడ్డలెందరో ఆ బల్లపై పెట్టె నుంచి, అంకె యేమి వచ్చునోయని ఊపిరి బిగబట్టి నిలిచెదరు. బరువు హెచ్చినచో సొమ్ము చెల్లింపవలయును. లేదా పచ్చడిజాడీ వెనుకకు పంపవలయును. ఆ బల్లకు పాసంగము చూచునదెవరు?

ఇట్టి బల్లల క్రింద లోడు సెల్ అను లోహపుదిమ్మ యుండును. బరువు మోపగానే అది కంటికి కానరానంతగా వంగును. దానికంటించిన సన్నని రేకుల విద్యున్నిరోధము మారి కొద్దిపాటి వోల్టేజి పుట్టును. 100 కిలోలకు తగిన దిమ్మకు 5 వోల్టులిచ్చి, పూర్తిబరువు మోపినను సాధారణముగా వచ్చునది 10 మిల్లీవోల్టులే. అనగా 10 గ్రాములకు ఒక మైక్రోవోల్టు, వోల్టులో పదిలక్షవ వంతు! దీనిని పెద్దది చేయు పరికరమే ఆపరేషనల్ యాంప్లిఫయరు.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. సామాన్యమైన యాంప్లిఫయరు, ఏమియు నీయకున్నను, ఒక మిల్లీవోల్టు ఇచ్చినట్లు భ్రమపడవచ్చును. మన లెక్కలో అది 10 కిలోలు. ఇది స్థిరదోషమైనచో ఒక్కమారు తీసివేయవచ్చును, రాయి కట్టినట్లే. కాని వేడిమి ఒక డిగ్రీ పెరిగినప్పుడెల్ల ఆ దోషము 10 మైక్రోవోల్టుల చొప్పున మారినచో, ప్రొద్దుటికిని మధ్యాహ్నమునకును నడుమ 15 డిగ్రీల తేడాకు కిలోన్నర తప్పును. రాయి కట్టిన పిమ్మట తట్ట తనంతట తానే బరువెక్కినట్లు! దీనినే సున్న జారుట యందురు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1941లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్ల్ స్వార్ట్‌జెల్ శూన్యనాళికలతో ఇట్టి యాంప్లిఫయరు నిర్మించెను. ఫిరంగుల గురి లెక్కించుటకు యుద్ధమున అట్టివి వాడబడెను. 1947లో రగజ్జిని మొదలగువారు తమ వ్యాసమున దానికి ఇప్పటి పేరిడిరి. నాళికలు వేడెక్కినకొలది సున్న జారుచుండెను. 1949లో ఆర్‌సీఏ సంస్థకు చెందిన ఎడ్విన్ గోల్డ్‌బర్గ్ ఒక చక్కని యుపాయము పన్నెను. మెల్లగా మారు వోల్టేజిని ముక్కలుముక్కలుగా తరిగి, ఆ తరగలను మాత్రమే పెంచి, మరల సరిజేసి, దానితో ప్రధాన యాంప్లిఫయరు దోషమును ఎడతెగక దిద్దుట. ప్రతి దోసిటికిని నడుమ ఖాళీ తక్కెడను ఎత్తిచూచు వర్తకుని తలచుకొనుడు. అట్టివాడు మనకెందును కానరాడు గాని, యంత్రమునకు విసుగు లేదు. మొదట కదలు లోహపుకొనలు ఈ తరుగుడుపని చేసెను. నేడు చింతగింజకన్న చిన్నదగు చిప్పులో ఇది క్షణమునకు వేలమారులు జరుగును.

మన హైదరాబాదునందును సూక్ష్మవిద్యుత్తును కొలుచు విద్య పెరిగినది. పశ్చిమగోదావరి సీమలోని మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో ఈసీఐఎల్ సంస్థను నెలకొల్పిరి. మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును కొలుచు ఎలక్ట్రోమీటరు యాంప్లిఫయర్లు అందు తయారై మన ప్రయోగశాలలకు చేరెను.

ఇక ఎంపిక మాట. సున్న జారని చిప్పులలో మేలైనవి డిగ్రీకి 0.05 మైక్రోవోల్టుకు మించి జారవు. 15 డిగ్రీలకు 8 గ్రాములలోపే తప్పు. తూనికబల్లకు ఇంతకన్న తగినది లేదు. అట్లని అన్నిటికిని ఇదియే యనరాదు. తరుగుడువలన కొంత రొద పుట్టును, దానిని వడగట్టవలయును. తరుగు మీటలనుండి ప్రవేశద్వారమున స్వల్పవిద్యుత్తు కారును. లోడు సెల్లుకు అది లెక్కలోనిది కాదు గాని, ఎలక్ట్రోమీటరునకు విషమే. కావున కొలవవలసిన దెంత చిన్నదో, దాని నిరోధమెంతయో తెలిసికొని పిమ్మట చిప్పును వెదకవలయును. పేరు చూచి కొనరాదు. మరియొకటి. వేడికి లోడు సెల్ తానే మారినచో, ఎంత మంచి యాంప్లిఫయరైనను దానిని నిజమైన బరువనియే నమ్మును.

ఊరు చెప్పను, ఒక కాంటావద్ద మధ్యాహ్నవేళ ఖాళీబల్ల సున్నకు 600 గ్రాములు తక్కువ చూపుట నేను కన్నులార చూచితిని. యాంప్లిఫయరు దోషమో, దిమ్మ దోషమో చెప్పజాలను. గుమాస్తా మీట నొక్కి, "సరిపోయినది పంతులుగారూ" అనెను. అంతకుముందు తూచిన 50 బస్తాలును అంతంత తగ్గినచో 30 కిలోల ధాన్యము పోయినట్లే. మరల తూచుమని రైతు వేడెను. అప్పటికే లారీ కదలినది.