రాతికి అంటని రంగులు



జీర్ణోద్ధరణ పనులు మొదలైన నాటి నుండి పలువురు నన్ను ఒక ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ! కుంభాభిషేక రాత్రులలో రాజగోపురముపై వెలుగుబొమ్మలు వేయింతురట. గుడికి ఈ సినిమా ఆర్భాటము దేనికి?" అని కొందరు. "ఖర్చు మేము భరింతుము, గోపురము అడుగు నుండి కలశముల దాకా ధగధగలాడవలెను" అని మరికొందరు. ఉభయులును ఆలయము మీది భక్తితోనే అడిగినారు. కావున ఈ విద్య ఎట్లు పుట్టినదో, ఎట్లు పెరిగినదో, దానిని మనము ఏ హద్దులలో స్వీకరించితిమో ఇచట తెలియజేయుట నా విధి.

కట్టడముపై వెలుగు ఎచట పడవలెనో ముందే లెక్కించుట మనకు క్రొత్త కాదు. శ్రీకాకుళము చెంత అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయమున, ఏటా మార్చి, అక్టోబరు మాసములలో కొలది దినములు ఉదయకిరణములు స్వామి పాదములను తాకును. నల్లగొండ సమీపమున పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమున, సూర్యుడు కదలుచున్నను గర్భాలయపు గోడపై స్తంభాకారపు నీడ పగలంతయు నిలిచియుండును. ఆ స్థపతులు రాతిని ఎంత కొలిచిరో వెలుగును అంతే కొలిచిరి.

వెలుగుతో కథ చెప్పుటయు మనవారు ఎరిగినదే. తోలుబొమ్మలాటలో పలుచని తోలుకు రంగులద్ది, వెనుక దీపముంచి, తెల్లని తెరపై రామాయణ భారతములను ఆడించిరి. ఐరోపాలో 1659లో హాలెండు దేశపు పండితుడు క్రిస్టియాన్ హైగెన్స్, గాజుపలకపై వ్రాసిన బొమ్మను దీపముతో, కటకముతో పెద్దదిగా చూపు 'మాయాదీపము'ను కనుగొనెను. అది ఇండియాకు వచ్చిన పిమ్మట, 1890లలో మహారాష్ట్రమున కల్యాణ్ నివాసియైన మహాదేవ గోపాల్ పట్వర్ధన్ గాజుపలకలపై పురాణగాథలను చిత్రించి ఊరూర ప్రదర్శించెను.

అంతవరకు తెర వేరు, కట్టడము వేరు. కట్టడమునకే వెలుగుతో చరిత్ర చెప్పించిన ఘనత ఫ్రాన్సు దేశీయుడైన పాల్ రోబేర్ ఊదాఁది. 1952లో షాంబోర్ కోట ఎదుట దీపములను, కంఠధ్వనిని, సంగీతమును కూర్చి అతడు 'ధ్వని-కాంతి' ప్రదర్శనను ఆరంభించెను. ఆ పద్ధతియే 1960లలో ఢిల్లీ ఎర్రకోటకు, 1993లో మన గోల్కొండకు వచ్చినది. గోల్కొండలో ఆ ప్రదర్శన చూచినవారికి జ్ఞాపకముండును: ఒక్కొక్క బురుజు ఒక్కొక్క ఘట్టమున వెలిగి, తిరిగి చీకటిలో కలిసిపోవును. అచట వెలిగినంతసేపు ఎంత ముఖ్యమో ఆరినంతసేపును అంత ముఖ్యము.

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలిగా ఆకర్షించినది ఫ్రాన్సులోని అమియెన్స్ నగరపు క్రైస్తవ మహామందిరపు వృత్తాంతము. దాని నిర్మాణము 1220లో ఆరంభమైనది. 1990లలో పడమటి ముఖద్వారముల శిల్పములను లేజరు కిరణములతో శుభ్రపరచుచుండగా, శతాబ్దముల మసి క్రింద పూర్వపు రంగుల ఆనవాళ్లు బయల్పడెను. బోడిరాళ్లని జనులు తలచినవి ఒకనాడు రంగురంగుల మూర్తులన్నమాట! క్రొత్తరంగులు పూసినచో మిగిలిన ఆ కొద్దిపాటి ఆనవాళ్లు మరుగున పడును. పూయకున్నచో ఆ వైభవము కన్నులకు కట్టదు. అందుకు వారు కనుగొన్న ఉపాయము వెలుగు. ప్రతి శిల్పమునకు, ప్రతి వస్త్రపు మడతకు సరిపోవునట్లు వర్ణచిత్రములను సిద్ధముచేసి రాత్రివేళ దానిపై ప్రసరింపజేసిరి. దీపము ఆర్పగానే రాయి రాయిగానే నిలిచినది. జీర్ణోద్ధరణము చేయువారందరు నేర్వదగిన పాఠమిది.

నేడు గణకయంత్రముల సాయమున జరుగుచున్న ఈ పనిని 'ప్రొజెక్షన్ మ్యాపింగ్' అనుచున్నారు. గుజరాతులోని మొఢేరా సూర్యదేవాలయము సోలంకి ప్రభువైన మొదటి భీమదేవుని కాలమున, 11వ శతాబ్దమున వెలసినది. 2022 అక్టోబరులో అచట ఇట్టి ప్రదర్శన ఆరంభమైనది. పగటి సూర్యరశ్మి నుండి గ్రహించిన విద్యుత్తుతో రాత్రి సూర్యాలయము వెలుగుట ఎంత ఉచితము!

ఇక దీని ప్రణాళిక ఎట్లుండునో వినుడు. మొదట కట్టడమును లేజరు పరికరముతో కొలిచి, ప్రతి మూర్తి, ప్రతి గూడు ఎచటనున్నదో నమూనా తయారుచేయుదురు. బొమ్మను దాని ప్రకారమే వ్రాయుదురు. పిమ్మట వెలుగు లెక్క. 30 మీటర్ల ఎత్తు, 20 మీటర్ల వెడల్పు గల ముఖము 600 చదరపు మీటర్లు. 30,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ వెలుగంతయు దానిపై పరచినను చదరపు మీటరుకు 50 పాళ్లే, అనగా 50 లక్సులే దక్కును. నిండుపున్నమి వెన్నెల సుమారు పావు లక్సు మాత్రమే, వీధిదీపముల వెలుగు పది ఇరువది లక్సులుండును. అనగా ఎదుట అంగళ్ల దీపములు, సీరియల్ సెట్లు ఆర్పనిదే ఎంత ఖరీదైన యంత్రమైనను వెలవెలబోవును. అదే కటకముతో యంత్రమును రెట్టింపు దూరమునకు జరిపినచో వెలుగు నాలుగింతల స్థలమునకు పరచుకొని నాలుగవ వంతుకు తగ్గును. 60 మీటర్ల దూరము నుండి యంత్రము ఒక్క డిగ్రీ కదలినను బొమ్మ ఒక మీటరు ప్రక్కకు పోవును. స్వామి ముఖముపై పడవలసిన రంగు ద్వారపాలకుని భుజముపై పడును. కావున దానిని నిలుపు మంచె జనసమ్మర్దమునకు, రథమార్గమునకు ఎడముగా, కదలకుండ ఉండవలెను.

ఇచటనే మన ఆలయమున ఒక చిక్కు వచ్చినది. గోపురపు పై అంతస్తులు సున్నపు పనితనము. తెల్లనివగుటచే పడిన వెలుగులో అధికభాగమును తిప్పి పంపును. క్రింది భాగము నల్లరాయి. అది వెలుగును మ్రింగివేయును. పరిశీలనకు వచ్చిన సాంకేతికులు "రాతికి తెల్లరంగు పూసినచో బొమ్మ అడుగు దాకా స్పష్టముగా వచ్చును" అనిరి. ఒక దాత ఆ వ్యయమును తానే భరింతుననెను. ఆయన ఉదారతకు నేను నమస్కరించితిని, కాని సమ్మతింపజాలకపోయితిని. ఆ రాళ్లకు పట్టిన సున్నమును, నూనెజిడ్డును తొలగించుటకే గదా శిల్పులు ఇన్ని నెలలు శ్రమించిరి! మూడు రాత్రుల బొమ్మ కొరకు తిరిగి రంగు పూసినచో, రేపటి తరమువారు దానిని గీకుటకు ఉలిని పట్టవలసివచ్చును. ఏ విద్య రాతికి హాని చేయనందున మనము స్వీకరించితిమో, దాని కొరకే రాతికి హాని చేయుట తగునా?

విచారణ పిమ్మట కార్యనిర్వాహకులు, ఆ దాతయు ఏకమై నిర్ణయించినదేమనగా: బొమ్మ పై అంతస్తులకే పరిమితము. రాతిభాగము చీకటిగానే ఉండును. గోడకు ఒక్క మేకు కొట్టరాదు, ఒక్క రంధ్రము తొలువరాదు. ద్వారమున్న మేర బొమ్మలో నలుపు ఉంచి, ఒక్క కిరణమైనను లోనికి పోకుండ చేయుదురు. ఇందువలన దర్శనము చేసుకొని వెలుపలికి వచ్చువారి కన్నులకు తీక్ష్ణకాంతి తగలదు, లోపల నేతిదీపపు వెలుగునకు పోటీయు ఉండదు. గోపురపు గూళ్లలో పక్షులున్నవి గనుక ప్రదర్శన స్వల్పకాలమే. ఏకాంతసేవకు గంట మ్రోగుటకు ముందే సర్వమును ఆర్పవలెను.

ఆ రాత్రులలో మీరు గోపురమును చూచి ఆనందింపుడు. కాని నాదొక మనవి. వెలుగు ఆరిన వెంటనే బయలుదేరక, కన్నులు చీకటికి అలవాటుపడువరకు కొంచెము నిలువుడు. ఆ నల్లరాయి మెల్లమెల్లగా కనబడును. మీరిచ్చిన ధనముతో, శిల్పుల చేతులతో శుభ్రమైన రాయి అది. దానిని చెక్కినవారు చూచినట్లే మీరును చూతురు.

ఇతి శుభమ్.