చూపు తీర్చవలసిన ఋణము

"దుక్కి దున్నినవానికి గింజ వచ్చును, వల వేసినవానికి చేప వచ్చును, కథ వ్రాసినవానివలన లోకమునకేమి వచ్చును?" అని పల్లెలలో పెద్దలు నన్నడుగుచుందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము గొల్లపూడి మారుతీరావుగారి జీవితమునందు నాకు గోచరించినది.

ఆయన 1939వ సంవత్సరమున విజయనగరమున జన్మించిరి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి, పత్రికలో కొంతకాలము పనిచేసి, పిదప ఆకాశవాణిలో పెక్కేండ్లు ఉద్యోగించిరి. నాటకములు వ్రాసిరి, నవలలు వ్రాసిరి; "సాయంకాలమైంది" యను నవల వారిదే. 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి" మొదలు పెక్కు చలనచిత్రములకు రచన చేసిరి. 1982 నుండి నటులుగా ఇంటింట పరిచితులైరి. 2019 డిసెంబరు 12వ తేదీన చెన్నపట్టణమున కీర్తిశేషులైరి.

వీరి నాటకములలో "కళ్ళు" అనునది యొకటి. గ్రుడ్డి బిచ్చగాండ్రు కొందరు కూడి బ్రదుకుచుందురు. వారిలో నొకనికి చూపు వచ్చును. చూపుతోపాటు స్వార్థమును వచ్చును. నిన్నటివరకు తన చేయి పట్టుకొని నడచినవారినే వాడు మరచును. ఈ నాటకము 1988లో ఎం. వి. రఘుగారి దర్శకత్వమున చలనచిత్రమైనది. విశాఖ ఓడరేవులో ఉద్యోగము చేయుచుండిన చిదంబరముగారు అందు నటించి, నాటినుండి "కళ్ళు చిదంబరము" అనియే ప్రసిద్ధులైరి. రేవున జీతము తీసుకొను మనిషికి ఆ కథ పేరే ఇంటిపేరైనది.

ఈ కథలోని నీతి తెలియవలెనన్న ఆ ఓడరేవు ప్రక్కనున్న ఫిషింగ్ హార్బరునకు పోయి చూడవలెను. మరబోటుపై సరంగు దిక్కు చూచును. కళాసీలు వల లాగుదురు. ఒడ్డున స్త్రీలు చేపల నేరి, బుట్టల కెత్తి అమ్ముదురు. నాటుపడవలలో వచ్చిన దానిని వాటాలు వేసి పంచుకొనుట పూర్వాచారము. సరంగునకు దూరపుచూపున్నది గదా యని వల లాగినవాని వాటా మ్రింగినచో మరునాడు వానితో వేటకు వచ్చువాడుండడు. ఒకనికి కలిగిన చూపు పదిమంది సొమ్ము. రచయితకును ఇదియే న్యాయము. ఆయన మాటలు, మనుష్యులు, కష్టసుఖములు అన్నియు లోకము వద్ద తెచ్చుకొన్న అప్పే.

ఆ అప్పును మారుతీరావుగారు తీర్చినరీతి హృదయవిదారకము. వారి కుమారుడు శ్రీనివాసు దర్శకుడై "ప్రేమపుస్తకం" అను తన తొలి చిత్రమును తీయుచు 1992లో అకాలమరణము పొందెను. సగములో నిలిచిన ఆ చిత్రమును తండ్రియే దర్శకత్వము వహించి పూర్తిచేసెను. అది 1993లో విడుదలయ్యెను. అంతటితో తన దుఃఖమును మూటగట్టి ఇంట దాచుకొనలేదు. కుమారుని పేర నొక పురస్కారమును నెలకొల్పి, భారతదేశమున ఏ భాషలోనైనను మొదటి చిత్రము తీసిన దర్శకుని కిచ్చు ఏర్పాటు చేసిరి. 2008లో "తారే జమీన్ పర్" చిత్రమునకు ఆమిర్ ఖాన్ దీనిని పొందెను. తన కుమారునికి దక్కని రెండవ అడుగును పరుల బిడ్డలచేత వేయించిన తండ్రి యాయన.

2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఫిషింగ్ హార్బరున అగ్ని చెలరేగి ముప్పదికి పైగా పడవలు దగ్ధమయ్యెను. పడవ పోయినవాని దుఃఖము సామాన్యము కాదు. అయినను వేటయే వాని బ్రదుకు. మరల వల చేతబట్టక తప్పదు. కొడుకును పోగొట్టుకొని అతని చిత్రమును చేపట్టిన రచయిత మనస్సు ఈ రేవువారికి వేరుగా బోధింప నక్కరలేదని నేను తలచెదను.

కావున పెద్దలారా, కథవలన గింజ రాదు, చేపయు రాదు. వచ్చిన గింజను, పడిన చేపను ఎవరితో పంచుకొనవలెనో చూపునట్టి కన్ను వచ్చును. మీ యింట నొక పిల్లవాడు కథ వ్రాయుచు కూర్చుండిన వానిని పనిలేనివాడని గద్దింపకుడు. ఎవరి కష్టమును చూచి వ్రాయుచున్నావని మాత్రమడుగుడు. ఆ ఋణము వానికి జ్ఞాపకమున్నంతకాలము వాని పనియు మీ సేద్యమువంటి పనియే.