నాచును మేసిన ముళ్ళప్రాణి

పంటకోసం తెచ్చిన మొక్కయే కలుపై పొలాన్ని ఆక్రమించిన సందర్భాలు రైతులు ఎరిగినవే. సముద్రంలోనూ అట్టి వృత్తాంతమొకటి నడిచింది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో, ఓహూ ద్వీపపు తూర్పుతీరాన, పగడపు దిబ్బలకు పేరొందిన కనియోహే అఖాతం ఉన్నది. 1974లో అక్కడికి ఫిలిప్పీన్స్ నుండి కప్పాఫైకస్ అనే ఎర్రజాతి నాచును పరిశోధనార్థం తెచ్చి పెంచారు. దాని నుండి లభించే కారజీనన్ అనే జిగురు ఐస్‌క్రీము, పళ్ళ పేస్టు వంటివి చిక్కబడడానికి పనికివస్తుంది. నాచుసాగు తీరవాసులకు జీవనోపాధి కాగలదని ఆశ.

ఈ నాచు లోతైన నీటిని దాటి వ్యాపింపజాలదని తొలుత తలచారు. ఆ అంచనా తప్పింది. 1996 నాటికి అది నాటిన చోటినుండి సుమారు 6 కిలోమీటర్లు పాకినట్లు తేలింది. దట్టమైన చాపవలె పగడాలపై పరచుకొని, వాటికి వెలుతురు అందకుండా చేసింది. పెరికివేసినా, మిగిలిన చిన్న తునకనుండియే మరల చిగిర్చేది.

అప్పుడు పరిశోధకుల దృష్టి నాచును మేసే ప్రాణులపై పడింది. ఇట్టి ఉపాయంలో హవాయివారికి పూర్వమొక చేదు అనుభవం కలిగింది. 1883లో చెరకు తోటలలోని ఎలుకలను అణచడానికి జమైకా నుండి ముంగిసలను రప్పించారు. జమైకాకు అవి 1872లో చేరినది మన కలకత్తా నుండియే. అయితే ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస వేటాడేది పగలు. ఎలుకల బెడద తీరలేదు సరికదా, నేలపై గూళ్ళు కట్టే పక్షుల గ్రుడ్లు ముంగిసల పాలైనవి.

ఈసారి పరదేశపు ప్రాణిని తేలేదు. ఆ జలాలలోనే పుట్టి పెరిగే ఒక జాతి సీ అర్చిన్‌ను ఎన్నుకొన్నారు. బంతివంటి దేహం, చుట్టూ ముళ్ళు, అడుగుభాగాన అయిదు పళ్ళ నోరు. నాచే దాని ఆహారం. హొనొలూలూలోని ప్రభుత్వ కేంద్రంలో వీటి పిల్లలను పెంచి, 2011 నుండి దిబ్బలపై విడువసాగారు. ముందుగా మనుషులు నీట మునిగి నాచును పెరికితే, బల్లకట్టుపైనున్న పంపు దానిని పైకి పీల్చేది. అది రైతులకు ఎరువైనది. సందులలో మిగిలిన తునకలను అర్చిన్లు మేసేవి. ఈ రెండు పద్ధతులూ కలిసి రెండేళ్ళలో నాచును 85 శాతం తగ్గించినట్లు 2018లో ప్రచురితమైన పరిశీలన వెల్లడించింది.

ఇది దూరదేశపు కథ అని మనం ఉపేక్షింప వీలులేదు. ఈ నాచే సాగుకై తమిళనాడుకు వచ్చి, మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి పగడాలపై పాకినట్లు 2008లో తెలియవచ్చింది. ముంగిసను తెచ్చినవారు దాని ఆకలిని మాత్రమే చూచారు. అర్చిన్‌ను ఎన్నుకొన్నవారు దాని స్వభావాన్నీ, స్వస్థలాన్నీ కూడా విచారించారు. ఆ విచారణ నాచును నాటకముందే జరిగివుంటే, పెరికే శ్రమ తప్పివుండేది.