సౌర తుపానులు – బస్తర్ రేడియో
ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో 1977లో మొదలైన జగదల్‌పూర్ ఆకాశవాణిది మీడియం వేవ్ ప్రసారం. పగటిపూట ఈ తరంగాలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి కనుక సూర్యుడిపై జ్వాల ఎగసినా శ్రోతకు తేడా దాదాపు తెలియదు. అసలు దెబ్బ షార్ట్‌వేవ్‌కే. సౌరజ్వాలలోని ఎక్స్ కిరణాలు సుమారు 8 నిమిషాల్లో భూమిని చేరి, 60–90 కిలోమీటర్ల ఎత్తున ఉండే డి పొరలో అయనీకరణాన్ని పెంచుతాయి. అప్పుడా పొర షార్ట్‌వేవ్ సంకేతాలను మింగేస్తుంది. ఈ నిశ్శబ్దం భూమికి పగలున్న వైపే. నిమిషాలు మొదలు ఒకటి రెండు గంటల దాకా ఉంటుంది.

అయస్కాంత తుపాను తీరు వేరు. సూర్యుడు విసిరిన ప్లాస్మా సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులకు చేరుతుంది. పైనున్న ఎఫ్ పొరను రోజుల తరబడి కలచివేస్తుంది. 2024 మే 10–11 తేదీల తుపాను అత్యున్నతమైన జి5 స్థాయిది.

అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. దానికి ఉత్తరాన, 19 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న బస్తర్‌లో తుపాను లేని రోజుల్లో కూడా సూర్యాస్తమయం తరువాత ఉపగ్రహ సంకేతాలు మిణుకుమిణుకుమనవచ్చు. ఇక అడవిలో వాకీటాకీ మూగబోతే సూర్యుణ్ణి నిందించడం అన్యాయం. సాధారణంగా అడ్డం కొండే.

సౌర విస్ఫోటాలను గమనించే ఆదిత్య ఎల్1 నౌకను ఇస్రో 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ప్రయోగించింది.