ఆజ్ఞ చెల్లని రణరంగం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి కాలనీలలో మనిషి హోదాను అతడి ఇల్లే చెబుతుంది. అధికారికి ఒక తరహా క్వార్టరు, కార్మికుడికి మరొక తరహా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బతుకుతెరువు కోసం అక్కడికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలకు పై నుంచి కిందికి నడిచే ఆజ్ఞ కొత్త కాదు, యూనిఫాం కూడా కొత్త కాదు. పట్టణానికి దగ్గరలోనే కలైకుండ వైమానిక స్థావరం ఉంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆ స్థావరంపై దాడి చేసినప్పుడు, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ హంటర్ విమానంతో వాటిని ఎదుర్కొని వీరచక్ర పురస్కారం అందుకున్నారు.

అటువంటి గడ్డపై సైనికుడికి గౌరవం దక్కడం సహజం. అయితే గౌరవం వేరు, ఓటు వేరు. స్వతంత్ర భారత తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప 1971లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. మేజర్ జనరల్ ఖండూరీ 2012లో ముఖ్యమంత్రి హోదాలో ఉత్తరాఖండ్ ఎన్నికలను ఎదుర్కొని, కోట్‌ద్వార్‌లో తానే ఓడిపోయారు. బ్యారక్ నుంచి చట్టసభకు వెళ్లే దారి ఎంత కఠినమైనదో తెలుగు నేలపై చూడాలంటే నలమాద ఉత్తమ్‌కుమార్ రెడ్డి ప్రస్థానాన్ని పరిశీలించాలి.

1962లో జన్మించిన ఉత్తమ్ భారత వైమానిక దళంలో మిగ్-21, మిగ్-23 యుద్ధవిమానాల పైలట్‌గా పనిచేశారు. తరువాత రాష్ట్రపతి భవన్‌లో భద్రత, ప్రొటోకాల్ బాధ్యతలు చూశారు. ఆ కొలువు వదిలి 1994లో కోదాడ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా బరిలో దిగారు. ఎన్టీ రామారావు ప్రభంజనంలో కాంగ్రెస్ కొట్టుకుపోయిన ఎన్నిక అది. ఆయనా ఓడారు.

ఆ ఓటమి తరువాత ఆయన వెనుదిరగలేదు. 1999లో, 2004లో కోదాడ నుంచి గెలిచారు. నియోజకవర్గాల పునర్విభజన తరువాత హుజూర్‌నగర్‌కు మారి 2009, 2014, 2018లలో విజయం సాధించారు. 2019లో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2023లో మళ్లీ హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వచ్చారు. 1994 తరువాత పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ ఆయన ఓడలేదు.

సొంత నియోజకవర్గంలో ఇంత నికరమైన బలం ఉన్న నాయకుడికి పార్టీ సారథ్యం మాత్రం వేరే పాఠం నేర్పింది. 2015లో ఆయన తెలంగాణ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 2018 ఎన్నికలలో తెలుగుదేశం, తెలంగాణ జన సమితి, సీపీఐలతో కలిసి కూటమి కట్టినా, 119 స్థానాలలో కాంగ్రెస్‌కు దక్కినవి 19. తెరాసకు 88 వచ్చాయి. ఆ 19 మందిలోనూ ఒకరి తరువాత ఒకరు అధికార పక్షం వైపు నడిచారు.

ఇక్కడ ఒక చిన్న లెక్కను గమనించాలి. ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే దానిని విలీనంగా పరిగణిస్తారు. 19 మందిలో మూడింట రెండు వంతులంటే 13 మంది కావాలి. ఎంపీగా ఎన్నికైన ఉత్తమ్ 2019 జూన్ మొదటి వారంలో శాసనసభ్యత్వానికి రాజీనామా చేయగానే సంఖ్య 18కి తగ్గింది. అప్పుడు 12 మంది చాలు. మరుసటి రోజే 12 మంది తెరాసలో విలీనమయ్యారు. రాజ్యాంగం విధించిన బాధ్యతగా ఆయన వదులుకున్న స్థానమే ప్రత్యర్థికి ద్వారం తెరిచింది.

సైన్యంలో శిబిరం విడిచి వెళ్లినవాడిని విచారించి శిక్షిస్తారు. రాజకీయంలో అదే పనిని గుంపుగా చేస్తే దానికి చట్టబద్ధమైన పేరుంటుంది. నాయకుడి చేతిలో మిగిలే ఆయుధం ఒప్పించడమే, ఆజ్ఞాపించడం కాదు. ఆ సంవత్సరం అక్టోబరులో జరిగిన హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో ఆయన సతీమణి పద్మావతి 43 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2020 డిసెంబరులో, గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలలో 150 డివిజన్లకు గాను పార్టీకి రెండే దక్కాక, ఆయన అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. 2021లో రేవంత్ రెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

ఉత్తమ్ రాజకీయ జీవితంలో అసలు పరీక్ష ఇక్కడే మొదలైంది. తనకంటే వయసులో చిన్నవాడు, కాంగ్రెస్‌లోకి తరువాత వచ్చినవాడు సారథి అయినప్పుడు సీనియర్లు పార్టీని వీడడమో, అలిగి ఇంట కూర్చోవడమో మనకు అలవాటైన దృశ్యం. ఉత్తమ్ పార్టీలోనే నిలిచారు. 2023లో కాంగ్రెస్ 64 స్థానాలతో అధికారంలోకి వచ్చినప్పుడు హుజూర్‌నగర్ ఆయనకు 44 వేలకు పైగా ఆధిక్యం ఇచ్చింది. పద్మావతి కోదాడలో గెలిచారు. రేవంత్ మంత్రివర్గంలో ఆయనకు నీటిపారుదల, పౌర సరఫరాల శాఖలు దక్కాయి.

ఆ శాఖల భారం తక్కువది కాదు. ఎన్నికలకు ముందే కుంగిన మేడిగడ్డ బరాజ్ చిక్కుముడి ఆయన ముందుకు వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు సైన్యం, నౌకాదళం బృందాలతో సహాయక చర్యలు సాగాయి. ఆ ఎనిమిది మందిలో ఎవరూ ప్రాణాలతో బయటకు రాలేదు. కొండలోపలి మట్టి, నీరు ఎవరి ఆజ్ఞనూ వినవు. సొరంగం భద్రతపై జవాబు మాత్రం మంత్రే చెప్పాలి. నెల తిరిగాక ఉగాది నాడు రేషన్ కార్డుదారులకు సన్నబియ్యం పథకం హుజూర్‌నగర్‌లోనే మొదలైంది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ ఉన్న ఖరగ్‌పూర్‌కు ఈ కథ అపరిచితం కాదు. ఏ యూనిఫామూ ధరించని జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను ఆ పట్టణం ‘చాచా’ అని పిలుచుకుంటూ దశాబ్దాల పాటు కాంగ్రెస్ శాసనసభ్యుడిగా గెలిపించింది. చివరికి 2016లో ఓడించింది. యూనిఫాం పరిచయానికి పనికివస్తుంది. ఆ తరువాత ప్రతి ఎన్నికలోనూ నమ్మకాన్ని కొత్తగా సంపాదించుకోవలసిందే. పోలింగ్ కేంద్రం ముందు వరుసలో అధికారీ కార్మికుడూ ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. అక్కడ పతకాలు ఎవరూ లెక్కపెట్టరు.