రంప జలపాతానికి ఒక పగటి ప్రయాణం, చిగురుపన్ను కథ



కార్తికమాసం సమీపిస్తున్నదంటే మా విశ్రాంత ఉపాధ్యాయ బృందంలో వనభోజనాల సంరంభం మొదలవుతుంది. గత ఏడాది కడియం తోటలతో సరిపెట్టుకున్నాము. ఈ ఏడు మాత్రం అడవీ, జలపాతమూ రెండూ ఉన్న చోటికే పోవాలనీ, చీకటి పడేలోగా రాజమహేంద్రవరం తిరిగి చేరాలనీ నిశ్చయమైనది. స్థలనిర్ణయమూ ప్రయాణ ప్రణాళికా నా నెత్తిన పెట్టారు. తెలుగు పండితుడికి వ్యాకరణం తప్ప మరేమి తెలుసునని మా లెక్కల మాస్టారు అడ్డుచెప్పినా సభ ఆమోదించలేదు.

నేను రంప జలపాతం పేరు చెప్పాను. వెంటనే పెదవి విరుపులు. "అంత దూరం వెళ్ళి రంపతో ఆగిపోవడమేమిటి? ఇంకొక గంట పోతే మారేడుమిల్లి, అక్కడి జలతరంగిణి, ఆపైన అమృతధార, తిరుగుదారిలో బొంగు చికెను" అని ఒక మిత్రుడు వేళ్ళు మడిచి లెక్కచెప్పారు. కార్తికమాసంలో బొంగు చికెను ప్రసక్తి తెచ్చినందుకు ఆయనను తగువిధంగా మందలించి, నా పట్టు నేను విడువలేదు. పట్టుకు కారణం ఉన్నది. దానిని సభలో చెప్పలేక ఇక్కడ వ్రాస్తున్నాను.

సుమారు ముప్పయ్యేళ్ళ నాటి మాట. నేను మైదాన ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తుండగా జులై 4న అల్లూరి సీతారామరాజు జయంతి సభ జరిగింది. ప్రతి ఏటా వక్తను నేనే. "1922లో రంప పితూరీ" అంటూ అలవాటైన ధోరణిలో అందుకున్నాను. వసతిగృహంలో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ఏజెన్సీ కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. "మాస్టారండీ, రంప పితూరీ అంటే రాజుగారిది కాదండి. అంతకు ముందు మా ముత్తాతల నాటిదండి. కల్లు మీద వచ్చిందండి" అన్నాడు. సభ గొల్లుమన్నది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోక, "కూర్చో నాయనా, కల్లు కోసం ప్రాణాలిచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?" అన్నాను. పిల్లవాడు కూర్చున్నాడు. ఆ తరువాత వాడు నా తరగతిలో ఏనాడూ ప్రశ్న అడగలేదు.

వాడు చెప్పినది అక్షరాలా నిజమని పదవీ విరమణ అనంతరం, తీరికగా పాత గోదావరి జిల్లా చరిత్ర చదువుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు.

రంప ఒక చిన్న గ్రామం. దాని పేరు మీదుగానే చుట్టూ ఉన్న కొండసీమ అంతా రంపదేశమనిపించుకున్నది. కుంపిణీవారు ఈ కొండలను నేరుగా ఏలలేక, 1813లో అక్కడి రామభూపతి అనే దొరతో ఒప్పందం చేసుకున్నారు. శాంతిభద్రతలు చూసుకుంటే చాలు, పేష్కషు కట్టనక్కరలేదు. ఆయన మన్సబుదారు. ఆయన కింద ముఠాదారులు. మన్యంలో ముఠా అంటే కొన్ని గ్రామాల కూటమి. ఆ కూటమికి పెద్ద ముఠాదారు. నేటి పత్రికల్లో ముఠా అనగానే దొంగనోట్లవాళ్ళో, ఎర్రచందనం దొంగలో గుర్తుకు వస్తారు. ఒక పరిపాలనా విభాగం పేరు మన నోళ్ళలో పడి ఎంత చెడిపోయినదో గమనించండి.

1835లో రామభూపతి మరణించాడు. వారసత్వం కొంతకాలం తగవులో ఉండి, చివరకు ఆయన కుమార్తె నుండి సవతి సోదరునికి సంక్రమించింది. ఆ పిల్లవానిని ప్రజలు మొదటి నుండీ అంగీకరించలేదు. పెరిగి పెద్దవాడై అతడు చేసిన పాలన కూడా వారి అభిప్రాయం మార్చుకునేటట్లు లేదు. ముఠాలను ఒక్కొక్కటిగా తన చేతుల్లోకి లాక్కున్నాడు. నడుమ పలుమార్లు అలజడులు రేగినవి, అణగినవి. ప్రతిసారీ సర్కారు తాను నిలబెట్టిన మన్సబుదారు పక్షానే నిలిచింది.

ఇక్కడే కల్లు వస్తుంది. రంప ప్రాంతంలో జీలుగు చెట్టు ఒకటి పెరుగుతుంది. తాటికీ ఈతకూ చుట్టమే. ఆకులు మాత్రం చేపతోక చీలికల్లా ఉంటాయి. గెలలు జడపాయల్లా వేలాడుతుంటాయి. కొండరెడ్లకూ కోయలకూ దాని కల్లు మనం అనుకునే వ్యసనం కాదు. పోడు పంట అయిపోయి, కొత్త పంట చేతికి రాని నెలల్లో అది సగం ఆహారం. పెళ్ళికీ చావుకీ పండుగకీ అది ఉండవలసినదే. తన పెరటి చెట్టును తాను గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదన్నది అనాదిగా వారి అలవాటు.

1870ల్లో ఆబ్కారీ నిబంధనలు కొండలెక్కినవి. ఇంటి అవసరానికి సైతం కల్లు గీయరాదన్నారు. కల్లు మీది రాబడిని గుత్తకు ఇచ్చారు. గుత్తదారులు మైదానంవాళ్ళు. వారి మనుషులు పల్లెపల్లెకూ తిరిగి వసూలు చేసేవారు. దానికి పైన మన్సబుదారు తన వంతుగా మరొక పన్ను వేశాడు. దాని పేరు చిగురుపన్ను.

ఈ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నలభై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు చిగురు అనగానే మామిడి, కోయిల, వసంతం, ప్రబంధ నాయిక పెదవి, ఇవే తోస్తాయి. దానిని పన్నుతో సమాసం చేయవచ్చునన్న ఊహ ఏ కవికీ వచ్చినట్లు లేదు. కవులకు రానిది మన్సబుదారు దివాణానికి వచ్చింది. చెట్టు చిగురించినందుకు పన్ను! తత్పురుష సమాసానికి ఉదాహరణలు చెప్పేటప్పుడు ఈ మాట నాకు తెలిసి ఉంటే, సంధి సమాసాల తరగతిలోనే చరిత్ర పాఠమూ అయిపోయేది.

కల్లొక్కటే కాదు. కింది ఊళ్ళ వర్తకులు కొండవాళ్ళకు చిన్నచిన్న అప్పులిచ్చి, దూరాన ఉన్న కోర్టుల్లో ఎక్స్‌పార్టీ డిక్రీలు తెచ్చుకొనేవారు. కోర్టు ఎక్కడున్నదో తెలియని మనిషి హాజరు కాలేదని తీర్పు. ఐదు రూపాయల బాకీకి వంద రూపాయల సొత్తు, పశువులతో సహా, తోలుకుపోయిన ఉదంతాలు దొరల లిఖితాల్లోనే నమోదైనవి. వీటన్నిటికీ తోడు పోలీసుల దౌష్ట్యం. మన్సబుదారూ గుత్తదారూ వర్తకుడూ ముగ్గురికీ కావలిగా నిలిచిన ఖాకీని కొండవాడు ఏ దృష్టితో చూసి ఉంటాడో ఊహించుకోవచ్చును.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో, అంటే నేటి రంపచోడవరం వైపు, పోలీసుల మీద దాడితో తిరుగుబాటు మొదలైనది. ఏప్రిల్‌లో ద్వారబంధాల చంద్రయ్య నాయకత్వాన అడ్డతీగల ఠాణా తగులబడింది. గోదావరిపై పోతున్న స్టీమరు మీద కూడా దాడి జరిగింది. మంట విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకాకూ పాకింది. మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు, మందుపాతర దళాలు, ఆశ్వికులు, వారు చాలక హైదరాబాదు కంటింజెంటు నుండి మరొక దళం దిగవలసి వచ్చింది. సిపాయిలను తూటాల కంటె మన్యపు జ్వరం ఎక్కువగా పడగొట్టింది. 1880లో చంద్రయ్యా, ఆ తరువాత తమ్మన్నదొరా హతులయ్యారు. పట్టుబడినవారిలో కొందరు అండమాను చేరారు.

తరువాత జరిగినది మరీ ముఖ్యం. విచారణకు వచ్చిన సలివాన్ అనే అధికారి, తప్పు మన్సబుదారుదనీ, అతని దుష్పాలనను చూస్తూ ఊరుకున్న సర్కారుదనీ తేల్చాడు. మన్సబుదారును తొలగించారు. ముఠాదారులకు నేరుగా సనదులిచ్చారు. చిగురుపన్ను రద్దయినది. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవచ్చునన్నారు. కల్లు కోసం ప్రాణాలిచ్చేవాళ్ళు ఉంటారా అని నేనడిగిన ప్రశ్నకు జవాబు అప్పటికి నూరేళ్ళకు పైగా సర్కారు కాగితాల్లోనే ఉన్నదన్నమాట.

ఇచ్చినది మరొక చేత్తో తీసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలై క్రమంగా రిజర్వు అడవులు ఏర్పడినవి. పోడు నేరమైనది. వంటచెరకుకూ, పశువుల మేతకూ ఆంక్షలు వచ్చినవి. 1922 నాటికి గూడెం కొండల్లో రోడ్డు పనికి కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి వెట్టి చేయించిన ఉదంతం నిప్పు రాజేసింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను సీతారామరాజు దళం ముట్టడించిన కథ మనకందరకూ తెలిసినదే. ఆ పోరాటం పుట్టినిల్లు విశాఖ మన్యంలోని గూడెం. రంప వైపు దళం వచ్చినది తరువాత, అక్టోబరులో. 15న అడ్డతీగల, 19న రంపచోడవరం. అయినా దానికీ రంప పితూరీ అన్న పేరే స్థిరపడింది. 1879 జ్ఞాపకం అంత బలంగా ఉన్నదనుకోవాలి. 1924 మే 7న రాజు హతుడైన తరువాత ఆ పెద్ద పేరు వెనుక, మొదటి పితూరీవాళ్ళు మరుగున పడిపోయారు. రాజుగారి మీద నాకున్న భక్తి ఇసుమంతయు తగ్గలేదు. తమ్మన్నదొర పేరు ముప్పయ్యేళ్ళు నా నోట పలకనందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను.

పితూరీ అన్న మాట సంగతి కూడా చెప్పి తీరాలి. అరబీ పారసీల నుండి ఉర్దూ, మరాఠీల మీదుగా మనకు చేరిన మాట ఇది. మరాఠీలో నేటికీ ఫితూరీ అంటే కుట్ర, రాజద్రోహం. సర్కారువారు తిరుగుబాటుకు ఈ పేరే పెట్టారు. మన బడిపిల్లల నోట దాని అర్థమేమిటి? "వాడు నా పెన్సిలు తీసుకున్నాడండీ" అని మాస్టారుకు చెప్పుకోవడం పితూరీ. తిరుగుబాటుకూ ఫిర్యాదుకూ ఒకే మాట ఎలా కుదిరినదో నిఘంటువులో దొరకదు. రంప కథ చదివిన తరువాత నాకు మాత్రం వింతగా తోచడం లేదు.

ఇక ప్రయాణం మాట. రాజమహేంద్రవరం నుండి ఉదయం ఐదున్నరకు బయలుదేరాలి. గోకవరంలో ఫలహారం. అక్కడ దాటితే అడవి మొదలు.  రంపచోడవరం సుమారు 55 కిలోమీటర్లు. అక్కడి నుండి రంప నాలుగైదు కిలోమీటర్లు. జలపాతం చాలా పెద్దదేమీ కాదు. నయాగరా ఊహించుకొని వచ్చేవారు నన్ను తిట్టుకుంటారు. కార్తికంలో వర్షాలు వెనుకబట్టి, నీరు ఇంకా నిండుగా ఉంటుంది కనుక అదే అనువైన కాలం. తుపాను హెచ్చరిక ఉన్ననాడు మాత్రం ప్రయాణం రద్దు. కొండవాగు పైన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ హఠాత్తుగా పొంగుతుంది. నాచుపట్టిన రాళ్ళ మీద అరవై దాటిన మోకాళ్ళతో విన్యాసాలు వద్దు. చేతికర్ర, తువ్వాలు, దోమల మందు, మంచినీళ్ళు మనవే. విస్తరాకులు తీసుకుపోదాము, ప్లాస్టిక్కు పళ్ళాలు వద్దు. పులిహోర, దద్ధ్యోదనం ఇంటి నుండే. ఉసిరి చెట్టు దొరికితే దాని కింద, దొరకకపోతే ఒక కొమ్మను పెట్టుకొని.

రంప గ్రామంలోని పాత శివాలయానికి ఒక గంట కేటాయించాను. ఆలయం రెడ్డిరాజుల నాటిదని జనశ్రుతి. మధ్యాహ్నం మూడున్నరకు తిరుగుముఖం పట్టాలి. మారేడుమిల్లి ఈసారికి లేదు. మిత్రులు క్షమించాలి.

దారి చూపడానికి ఒక మనిషి దొరికాడు. ఆనాటి కుర్రవాడే. ఇప్పుడు ఏజెన్సీలోనే ఉపాధ్యాయుడు. పాత విద్యార్థుల ద్వారా ఫోను నంబరు సంపాదించి, నాలుగు రోజులు తటపటాయించి చేశాను. ఆనాటి సభ సంగతి నేనే ఎత్తాను. "అప్పుడు నేను తప్పు చెప్పాను నాయనా, నువ్వే ఒప్పు" అన్నాను. కొంతసేపు మాట లేదు. తరువాత, "నాకు గుర్తుందండి మాస్టారూ" అన్నాడు. మరచిపోయానంటాడేమోనని ఆశపడ్డాను. అనలేదు. ఆ వెంటనే, "ఎంతమంది వస్తున్నారండి? జీలుగు చెట్టు మా ఇంటి వెనకాలే ఉందండి. పొద్దున్నే గీస్తారండి, ఎనిమిదిలోపు వస్తే చూడొచ్చండి" అన్నాడు.

అందుచేత బయలుదేరే వేళను ఐదున్నర నుండి ఐదుకు మార్చాను. కార్తికంలో రెండో ఆదివారం. వ్యానులో రెండు చోట్లు ఖాళీగా ఉన్నవి. రాదలచినవారు వ్యాఖ్యలో తెలియజేయగలరు.