అమ్మవారు (సృష్టి దేవత, నెల్లూరు సీమ)

అమ్మవారు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల జానపద కథల్లో లోకాన్నీ త్రిమూర్తులనూ కన్న ఆదిదేవత. ఆదిశక్తి అన్న పేరూ ఉంది. వాడుకలో ‘అమ్మవారు’ అంటే పోలేరమ్మ, అంకమ్మ, గంగమ్మ వంటి ఊరి దేవతల్లో ఎవరైనా కావచ్చు. పుట్టుక కథల్లో మాత్రం వీరందరికీ మూలం ఈమె. సృష్టి చేసిన తల్లిగా ఆమెకు మొక్కేవారు తక్కువ. రోగాలు, పశువులు, వానలు, పిల్లలు, ఇవే మొక్కుల్లోని సంగతులు.

కథ సారాంశం ఇది. నాలుగు యుగాలకు ముందు నీళ్లు తప్ప మరేమీ లేవు. కొన్ని పాఠాల్లో అవి పాలసముద్రం. అమ్మవారు అక్కడ మూడు గుడ్లు పెట్టింది. మొదటిది మురిగిపోయింది, రెండోదాంట్లో గాలి తప్ప ఏమీ లేదు, మూడోది పొదిగితే బ్రహ్మ, విష్ణువు, శివుడు పుట్టారు. గుడ్డు కింది చిప్ప భూమి, పై చిప్ప ఆకాశం అయ్యాయి. కొడుకులు ఎదిగాక తనను పెళ్లాడమని అడిగింది. బ్రహ్మ, విష్ణువు చెవులు మూసుకున్నారు. శివుడు ముందు ఆమె మూడో కన్ను తనకిమ్మన్నాడు. ఇచ్చింది. ఆ కంటితోనే ఆమెను కాల్చి బూడిద చేశాడు. ఆ బూడిద మూడు కుప్పలు పెడితే లక్ష్మి, సరస్వతి, పార్వతి లేచారు. సృష్టికర్త తన సృష్టి చేతిలోనే ఓడిపోయిందని ఇంత నిస్సంకోచంగా చెప్పే కథలు అరుదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ దీనికి అనేక పాఠాంతరాలున్నాయి. మాదిగల జాంబపురాణంలో ఆదిశక్తి పక్కన వారి మూలపురుషుడు జాంబవుడు కూడా ఉంటాడు. భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టినవాడని చెబుతారు.

గుడ్డు నుంచి లోకం పుట్టడం పల్లెల ఊహ మాత్రమే కాదు. రుగ్వేదం పదో మండలంలోని 121వ సూక్తం హిరణ్యగర్భుణ్ణి స్తుతిస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు మూడో అధ్యాయంలో గుడ్డు రెండుగా చీలి, వెండి చిప్ప భూమిగా, బంగారు చిప్ప ఆకాశంగా మారుతుంది. తేడా ఒక్కటే: ఛాందోగ్యంలో గుడ్డు పెట్టినవారి ప్రస్తావన లేదు. దేవిని త్రిమూర్తులకు పైన నిలిపిన దేవీభాగవతం పల్లె కథకు దగ్గరగా వచ్చినా, బూడిద ఘట్టం దాకా వెళ్లదు.

మధ్యయుగాల నెల్లూరు చరిత్ర కవి తిక్కన, రాజు మనుమసిద్ధి, గొల్లల నాయకుడు కాటమరాజుల చుట్టూ తిరుగుతుంది. కాటమరాజు కథల్లో గొల్లల ఇలవేల్పుగా గంగమ్మ కనిపిస్తుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ఎక్కువ భాగం శివాలయాలకూ విష్ణ్వాలయాలకూ ఇచ్చిన దానాలే.

శాసనాల్లో అంతగా కనిపించని అమ్మవారి కథలు కాగితం మీదికి విరివిగా ఎక్కింది మిషనరీల కాలంలో. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చాడు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లాకు మారింది. 1876–78 కరువు చివర, 1878 జులై 3న ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మిషన్ చరిత్రలు రాసుకున్నాయి. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఒంగోలు మాదిగల కథలు, ఆచారాలతో ఒక పుస్తకం తెచ్చింది. అమ్మవారి అంశగా కొలిచే మాదిగ స్త్రీ మాతంగి గురించి అందులో ఉన్న పేజీలు నేటికీ విలువైనవి. అమ్మవారిని వదిలి వచ్చినవారే ఆమె కథలు చెప్పగా మిషనరీలు రాసుకున్నారన్నది ఈ ఘట్టంలో గమనించదగిన విషయం.

1907లో మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గ్రామదేవతల మీద మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో రాశాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు వచ్చాయి. వైట్‌హెడ్ రచన 1916లో పుస్తకమై, 1921లో సవరణలతో మళ్లీ అచ్చయింది. వీటన్నిటిలో నెల్లూరు పాఠకుడికి ఎక్కువ ఉపయోగపడేది విల్బర్ థియోడర్ ఎల్మోర్ 1915 నాటి సిద్ధాంత గ్రంథం. నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఆ రచనలో పోలేరమ్మ, అంకమ్మ, ముత్యాలమ్మ, ఢిల్లీ పోలాసి, బంగారమ్మ, మాతమ్మ, రేణుక అనే ఏడుగురు అక్కచెల్లెళ్లనూ, తమ్ముడు పోతురాజునూ వివరంగా పరిచయం చేశాడు. ప్రతి కథలోనూ ఆర్య, ద్రావిడ పోరునే చూడడం అతని బలహీనత. కథ వినడంలో మాత్రం నిజాయితీ గలవాడు: కథకుడు నవ్వించిన చోట నవ్వించినట్టే రాశాడు.

నోటి సంప్రదాయం పంబలవారిదీ ఆసాదులదీ. కొలుపుల్లో పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో అంకమ్మ ముగ్గు వేసి, పంబ, జమిడిక మోగుతుండగా కథ రాత్రుళ్ల తరబడి సాగుతుంది. తీరంలో పట్టపువారికి సముద్రమే గంగమ్మ. వల దించే ముందు ఆమెకు మొక్కుతారు. వెంకటగిరి పోలేరమ్మ జాతరలో కుమ్మరివారు మట్టితో మలచిన ప్రతిమను ఊరేగించి, జాతర ముగిశాక విరూపం చేస్తారు. పుట్టించి, కొలిచి, మళ్లీ మట్టిలో కలిపే ఈ తంతును ఆదిశక్తి కథతో కలిపి చూడడం సబబే.

దూరదేశాల్లో దీనికి సాటి వచ్చేది సైబీరియా దక్షిణాన ఆల్టాయ్ కొండల్లోని తుర్కీ జాతుల కథ. అక్కడా మొదట నీళ్లే. ఉల్గెన్ అనే దేవుడు నిలువ నీడ లేక తిరుగుతుంటే, నీటిలోంచి అక్ ఎనె అనే తెల్లని తల్లి లేచి సృష్టి చేయమని చెప్పి మాయమవుతుంది. రాసిపెట్టినవాడు అక్కడా మిషనరీయే. రష్యన్ మతబోధకుడు వసీలీ వెర్బిట్‌స్కీ సేకరణ 1893లో, ఆయన పోయాక, అచ్చయింది. ఆల్టాయ్ తల్లి ఆజ్ఞ ఇచ్చి తప్పుకుంటే, నెల్లూరు తల్లి స్వయంగా కని, పెంచి, కాలిపోయింది. రెండింటికీ చారిత్రక సంబంధం ఉందనడానికి ఆధారం లేదు.

మద్రాసు రాష్ట్రం 1950లో జంతుబలిని నిషేధిస్తూ చట్టం చేసింది. పోలేరమ్మ కోపంగా భావించిన మశూచి 1975లో దేశం నుంచి పోయింది. జాతరలు మాత్రం ఆగలేదు. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలో శ్రీహరికోట రాకెట్ ప్రయోగాలకు ముందు శాస్త్రవేత్తలు పూజ చేయించడం ఆనవాయితీ అయింది.

పాత గ్రంథాల్లో ‘నెల్లూరు జిల్లా’ అని కనిపించే ఊళ్లన్నీ నేటి నెల్లూరులో లేవు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లాకు వెళ్లాయి. వెంకటగిరి, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరాయి. ఎల్మోర్ పేర్కొన్న ఊళ్లను పటంలో వెతికేవారు నెల్లూరుతో పాటు పొరుగు జిల్లాలనూ చూసుకోవాలి.